నడినెత్తిన సూర్యుడు, రాత్రికి కావలసిన కరెంటు

ఏటా మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు, సికింద్రాబాద్‌లో నిటారుగా పాతిన కర్రకు నీడ పడదు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ అంతే. ఆ రెండు రోజులూ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మన ఊరు భూమధ్యరేఖకు పదిహేడున్నర డిగ్రీల ఉత్తరాన ఉండటం వల్ల దక్కిన ముచ్చట ఇది. ఢిల్లీ వాళ్లకు ఈ యోగం లేదు, వాళ్లకు సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. మరి ఆ మే మధ్యాహ్నం మారేడుపల్లిలోనో తిరుమలగిరిలోనో డాబా మీద ఉన్న సోలార్ ప్యానెల్ ఏడాది మొత్తంలోకెల్లా ఎక్కువ కరెంటు ఇస్తుందా? ఇవ్వదు. మార్చి నెలలో, కాస్త గాలి ఆడే రోజున అది ఇంతకంటే బాగా పనిచేస్తుంది.

కారణం చిన్నదే. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. వేడి దానికి గిట్టదు. మన దగ్గర ఈ రెండింటినీ ఒకటిగా చూసే అలవాటు వేడినీళ్ల సోలార్ వల్ల వచ్చింది. చాలా ఇళ్లలో సోలార్ అంటే మొదట వచ్చింది అదే: గాజు గొట్టాలు, వాటి నెత్తిన నీళ్ల ట్యాంకు, పొద్దున స్నానాలకు కాగిన నీళ్లు. అక్కడ ఎండ వేడే సరుకు. కరెంటు ప్యానెల్ సంగతి వేరు. దాని లోపల పలుచటి సిలికాన్ బిళ్లలుంటాయి. ఒక్కో బిళ్లలో ఒకవైపు చిటికెడు బోరాన్, మరోవైపు చిటికెడు ఫాస్ఫరస్ కలిపి ఉంటాయి. వెలుతురు తగిలి లోపలి ఎలక్ట్రాన్లు కదిలితే, ఆ రెండు వైపులా కలిసే సరిహద్దు వాటిని ఒకే దిక్కుకు నెడుతుంది. ఆ ప్రవాహమే కరెంటు. ఒక్కో బిళ్ల నుంచి వచ్చేది అర వోల్టు, కొంచెం పైన. అందుకే పదుల కొద్దీ బిళ్లలను ఒకదాని వెంట ఒకటి కలిపి ఒక ప్యానెల్ చేస్తారు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్లు ఇలాంటి సిలికాన్ సెల్‌ను మొదట లోకానికి చూపించినప్పుడు అది మీద పడ్డ వెలుతురులో ఆరు శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇవాళ బజారులో దొరికే మామూలు ప్యానెల్ 21, 22 శాతం మారుస్తోంది.

ప్యానెల్ మీద 540 వాట్లని రాసి ఉంటుంది. అది కంపెనీ గదిలో, సెల్‌ను 25 డిగ్రీల దగ్గర ఉంచి, నిండు వెలుతురు వేసి కొలిచిన లెక్క. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే, స్లాబు మీద ఎండకు కాగుతున్న ప్యానెల్ లోపల 65 డిగ్రీలు ఉండవచ్చు. సెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ సుమారు 0.35 శాతం శక్తి తగ్గుతుంది. నలభై డిగ్రీలకు 14 శాతం పోయినట్టే, అంటే 540 కాస్తా 465 అవుతుంది. అందుకే ప్యానెళ్లను స్లాబుకు అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా బిగించమంటారు. రామగుండంలో ఎన్టీపీసీ తన రిజర్వాయర్ నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సౌర ప్లాంటును 2022 జులై 1 నాటికి పూర్తిగా నడిపించింది. అప్పటికి దేశంలో తేలే ప్లాంట్లలో అదే పెద్దది, సుమారు 500 ఎకరాల నీటి మీద పరుచుకుంది. భూమి కలిసిరావడం ఒక లాభమైతే, కింద నీళ్లుండటం వల్ల ప్యానెళ్లు అంతగా కాగకపోవడం మరో లాభం. కింద నీళ్లు ఆవిరైపోవడమూ తగ్గుతుంది.

ఏడాది మొత్తం మీద చూస్తే మన ఊళ్లో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఇది గుర్తుంచుకుంటే చాలు, మిగతా లెక్కలన్నీ ఇందులోంచే వస్తాయి. మార్చిలో అయిదు దాకా పోవచ్చు. లష్కర్ బోనాల రోజుల్లో ముసురు పట్టిందంటే మూడుకు, ఒక్కోరోజు అంతకంటే కిందికి దిగుతుంది. ముసురులోనూ సున్నా కాదు, మబ్బు చాటు వెలుతురుకు కూడా ప్యానెల్ ఎంతో కొంత పలుకుతుంది. జర్మనీలో ఇదే కిలోవాట్ ఏడాదికి వెయ్యి యూనిట్లు ఇస్తే గొప్ప, మనకు 1,400 పైనే వస్తాయి. అయినా ఏళ్ల తరబడి సౌర విద్యుత్తులో వాళ్లే మనకంటే ముందున్నారు. మన దేశం మొత్తం సౌర సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది 2025 జనవరిలో. ఎండ ఉన్నంత మాత్రాన అయ్యే పని కాదిది.

నీడ సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. డబ్బు పెట్టి మోసపోయామనుకునేవాళ్లలో చాలామందిని దెబ్బతీసేది ఇదే.

స్లాబు వేసే రోజు కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకుంటూ పైకి అందిస్తారు చూడండి. ఆ వరసలో ఒక్కరు నెమ్మదిస్తే వరస మొత్తం ఆ ఒక్కరి వేగానికే దిగుతుంది. ప్యానెల్‌లో బిళ్లలూ అలా వరసలోనే ఉన్నాయి. ఒక్క బిళ్ల మీద కొబ్బరాకు నీడ పడితే దాని గుండా కరెంటు నడవదు, వెనకున్న బిళ్లలన్నీ ఆగుతాయి. పైగా ఆ బిళ్ల వేడెక్కి మాడిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకని ప్రతి ప్యానెల్ వెనక చిన్న పెట్టెలో మూడు డయోడ్లు పెడతారు. నీడ పడ్డ మూడో వంతును పక్కకు తప్పించి మిగతా రెండు వంతుల్ని నడిపించడం వాటి పని. ప్రాణం దక్కుతుంది గానీ, అరచేతంత నీడకు ప్యానెల్‌లో మూడో వంతు పోయినట్టే.

మన డాబాల మీద నీడకు కొదవా? ఇనుప స్టాండు మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, మెట్ల గది, ఎప్పుడో వదిలేసిన డిష్ యాంటెనా, బట్టల తీగ, పక్కవాళ్లు ఈ మధ్యే లేపిన అయిదో అంతస్తు. ఇక్కడే మొదట చెప్పిన నడినెత్తి సూర్యుడు ఒక చిక్కు తెచ్చిపెడతాడు. వేసవి బిల్లు చూసి గుండె ఝల్లుమన్నాక మనం సోలార్ వాళ్లకు ఫోన్ చేస్తాం. వాళ్లు మే నెలలో మధ్యాహ్నం పూట వచ్చి డాబా ఎక్కుతారు. ఆ వేళకు నీడలే ఉండవు, స్థలమంతా శుభ్రంగా కనిపిస్తుంది. అదే డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు వాలి 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పది అడుగుల మెట్ల గది నీడ ఉత్తరాన ఎనిమిదిన్నర అడుగుల దాకా పరుచుకుంటుంది. పొద్దున తొమ్మిదింటికి, సాయంత్రం మూడింటికి ఇంకా సాగుతుంది. కాబట్టి ఎండాకాలంలో కొలతలకు వచ్చినవాళ్లను సంక్రాంతికి ముందు రోజుల నీడ ఎక్కడిదాకా వస్తుందో లెక్క వేసి చూపించమని అడగాలి. ఫోన్‌లోనే సూర్యుడి దారి చూపించే యాప్‌లున్నాయి, అయిదు నిమిషాల పని. విసుక్కుంటే ఇంకొకరిని పిలవడమే.

ప్యానెళ్ల ముఖం దక్షిణానికి, వాలు పదిహేను డిగ్రీల అటూఇటూ పెడితే ఏడాది పొడుగునా మంచి రాబడి. మే నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరాన ఉంటాడు కాబట్టి అప్పుడు కాస్త తగ్గుతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల చోటు పోతుంది. వడియాలకు, ఆవకాయ ముక్కలు ఆరబెట్టడానికి చోటు లేకుండా పోతుందని ఇంట్లో ఆడవాళ్లు అడ్డుచెబితే అందులో న్యాయం ఉంది. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున ఇనుప పందిరి వేసి దాని మీద బిగించేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఇనుము ఖర్చు పెరుగుతుంది, ఈదురుగాలికి తట్టుకునేలా బోల్టులు బలంగా ఉండాలి. కింద నీడ పట్టున కుర్చీ వేసుకోవచ్చు, పై అంతస్తుకు వేడీ తగ్గుతుంది.

దుమ్ము గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, మన రోడ్లు మనకు తెలిసినవే. వారం పది రోజులకోసారి తెల్లవారుజామున తుడవాలి. ఎర్రటి ఎండలో కాగిన గాజు మీద చన్నీళ్లు కుమ్మరిస్తే పగిలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు ఆరితే తెల్లటి చార కడుతుంది, నల్లా నీళ్లు వాడితే మేలు. ప్యానెళ్ల కింద పావురాలు గూళ్లు పెట్టకుండా వల కట్టించుకోండి.

ఇప్పుడు అందరూ ఆశ్చర్యపోయే సంగతి. ఈస్ట్ మారేడుపల్లిలో ఒక పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, సోలార్ పెట్టించిన నెలకే కంపెనీ కుర్రాడిని పిలిపించి నిలదీశాడు. "పట్టపగలు కరెంటు పోయింది బాబూ. నెత్తిన మూడు కిలోవాట్లు పెట్టుకుని విసనకర్ర పట్టుకున్నాను. ఇదేం సోలార్?" కుర్రాడు మెట్ల కింద గోడకు బిగించిన ఇన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. "సార్, లైన్‌లో కరెంటు లేకపోతే ఇది కావాలనే ఆగిపోతుంది. మీ ప్యానెళ్ల కరెంటు వీధిలోకి పోతే, లైన్ చచ్చిందనుకుని స్తంభం ఎక్కినవాడు ఏమైపోతాడు?"

అతను చెప్పింది నిజం. ఇళ్ల మీద పెట్టేవి చాలావరకు గ్రిడ్‌తో ముడిపడ్డవి. ప్యానెల్ ఇచ్చేది ఒకే దిక్కున పారే కరెంటు. దాన్ని మన ఫ్యాన్లకు, ఫ్రిజ్‌కు సరిపడేలా మార్చడం ఇన్వర్టర్ పని. బయటి లైన్ తాళానికి అనుగుణంగా, సెకనుకు యాభై చక్రాల లెక్కన, తన కరెంటును కలుపుతుంది. లైన్ ఆగితే తాళం లేదు, లైన్‌మన్ భద్రత ఒకటి, అందుకే అదీ ఆగుతుంది. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలంటే బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి. ఖర్చు బాగా పెరుగుతుంది. కోతలు తక్కువగా ఉన్న నగరంలో దీనికోసం అంత పెట్టడం నా దృష్టిలో దండగ, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న మనిషి ఉంటే తప్ప. పాత ఇన్వర్టరూ దాని బ్యాటరీ ఉంటే వాటి పాటికి వాటిని ఉండనివ్వండి.

బ్యాటరీ లేకపోతే మరి పగటి కరెంటు రాత్రికి ఎలా వస్తుంది? రాదు. లెక్కలో మాత్రమే వస్తుంది. పగలు ఇంట్లో అందరూ ఆఫీసులకు, స్కూళ్లకు పోయాక ఫ్రిజ్ ఒక్కటే నడుస్తుంటుంది. మిగిలిన కరెంటు వీధిలోకి పారి పక్కింటి వాళ్ల ఏసీలో కరిగిపోతుంది. రాత్రి మనం వాడేది ఎక్కడో బొగ్గు మండించి తీసిన కరెంటు. ఈ రాకపోకల్ని రాసేందుకు పాత మీటరు తీసేసి రెండు దిక్కులా తిరిగే మీటరు పెడతారు. దాని తెరమీద ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అని రెండు అంకెలు మారి మారి కనిపిస్తాయి. నెలాఖరున మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి మిగిలిన దానికి బిల్లు వేస్తారు. దీన్నే నెట్ మీటరింగ్ అంటున్నాం. పగలు గ్రిడ్‌కు అప్పిచ్చి రాత్రి వసూలు చేసుకుంటున్నాం, వడ్డీ లేకుండా, యూనిట్‌కు యూనిట్ చొప్పున. ఇది డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, మనకు చేస్తున్న మేలని గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం దండిగా దొరికే సరుకు ఇచ్చి, రాత్రి గిరాకీ వేళ దొరకని సరుకు తీసుకుంటున్నాం మరి.

ఇక డబ్బు లెక్క. అమ్మేవాళ్లు చెప్పే లెక్క ఒకటి, మన బిల్లు చెప్పే లెక్క ఒకటి.

తెలంగాణలో ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు చూడండి. నెల వాడకం 200 లోపు ఉన్నవాళ్లలో వంద దాటినవాళ్లకు, మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. 200 దాటితే కథ మారుతుంది. మొదటి యూనిట్ నుంచే లెక్క కొత్తగా మొదలై 200 దాకా 5.10 చొప్పున, 300 దాకా 7.70, 400 దాకా 9, ఎనిమిది వందల దాకా 9.50, ఆపైన 10 రూపాయలు. సరిగ్గా 200 వాడితే 820 రూపాయలు. 201 వాడితే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. మన బిల్లులో ఇంతకంటే ఖరీదైన యూనిట్ ఇంకోటి లేదు.

నెలకు 350 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుందాం. ఫిక్స్‌డ్ చార్జీలు, ఇతర వడ్డింపులు పక్కన పెడితే 2,240 రూపాయలు. ఒక కిలోవాట్ సోలార్ పెడితే నెలకు 120 యూనిట్లు వస్తాయి. బిల్లు 230 యూనిట్లకు దిగి 1,251 రూపాయలు అవుతుంది. మిగిలింది 989. రెండో కిలోవాట్‌తో 110 యూనిట్లకు దిగుతాం. ఆ 200 గీత దాటి కిందికి వచ్చేశాం కాబట్టి బిల్లు 388 రూపాయలు, మరో 863 మిగిలింది. మూడో కిలోవాట్ కూడా పెడితే బిల్లు సున్నా. కానీ ఆ మూడోది మిగిల్చేది నెలకు 388 మాత్రమే. మొదటి కిలోవాట్ మిగిల్చిన దాంట్లో సగం కూడా కాదు. అప్పటికే ఖరీదైన యూనిట్లన్నీ మొదటి రెండూ మింగేశాయి. ఖర్చు మాత్రం మూడింటికీ కొంచెం అటూఇటూగా ఒకటే.

ఈ లెక్కే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీలోనూ కనిపిస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు ఇస్తారు. ఆపైన ఎంత పెట్టినా 78 వేలే గరిష్ఠం. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లలోని సెల్స్ సహా మన దేశంలో తయారైనవే వాడాలి. ఈ సెల్స్ తయారీలో హైదరాబాదూ ఉంది. 1995లో ఇక్కడ మొదలైన ప్రీమియర్ ఎనర్జీస్ ఇప్పుడు దేశంలోని పెద్ద తయారీదారుల్లో ఒకటి, 2024లో స్టాక్ మార్కెట్‌కు కూడా వచ్చింది. రెండు కిలోవాట్లకు కొటేషన్ లక్షా ముప్పై వేలనుకుందాం. సబ్సిడీ పోను డెబ్బై వేలు. నెలకు 1,852 మిగిలితే మూడేళ్లు దాటిన రెండు నెలలకు పెట్టుబడి వెనక్కి వచ్చేస్తుంది. ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది, అప్పటికి దాని శక్తిలో అయిదో వంతు దాకా తగ్గుతుంది. ఇన్వర్టర్ మాత్రం అంతకాలం ఉండదు, మధ్యలో ఒక్కసారైనా మార్చాలి. దాన్ని ఖర్చులో రాసుకోండి, అమ్మేవాళ్లు రాయరు.

వేసవిలో రెండు ఏసీలు నడిచే ఇంటికి నెల వాడకం 600 దాటుతుంది. అలాంటి వాళ్లకు మూడు కిలోవాట్లూ గిట్టుబాటే. నెల సగటు కాకుండా పన్నెండు నెలల బిల్లులూ ముందు పెట్టుకుని చూడాలి. అవసరానికి మించి పెట్టి మిగులు కరెంటు డిస్కంకు అమ్ముకుందామనుకుంటే, వాళ్లిచ్చే ధర మనం కట్టే పై స్లాబుల ధరకు దరిదాపుల్లో ఉండదు. అనుమతుల గొడవ మాత్రం బాగా తగ్గింది. పది కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన అవసరం లేకుండానే దరఖాస్తును ఆమోదించినట్టు లెక్కించాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు మార్చింది.

మరి 200 లోపు వాడేవాళ్ల సంగతి? ఆహార భద్రత కార్డు ఉన్న ఇళ్లకు 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లే రావడం లేదు. వాళ్లకు సోలార్‌తో పని లేదు. కార్డు లేకపోయినా 150 వాడే చిన్న ఇంటికి నెలకు మిగిలేది అయిదారు వందలు. అంటే ఇంటి పైకప్పు సోలార్ వల్ల బాగుపడేది సొంత డాబా ఉండి, నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కాల్చేవాళ్లే. ఇందులో ఒక ఇరకాటం దాగి ఉంది. తొమ్మిది రూపాయల స్లాబులో కట్టేవాళ్ల డబ్బుతోనే రెండు, మూడు రూపాయల స్లాబులోని వాళ్లకు కరెంటు అందుతోంది. ఎక్కువ కట్టేవాళ్లు సోలార్ పెట్టుకుని జారుకుంటే ఆ బరువు ఎవరు మోయాలి? డిస్కంలు నెట్ మీటరింగ్‌ను చూసి ముఖం చిట్లించడం వెనక బద్ధకమే కాదు, ఈ భయమూ ఉంది. పైకి చెప్పరంతే.

అపార్ట్‌మెంట్లలో మరో తలనొప్పి. ఇరవై ఫ్లాట్లకు ఒకటే డాబా, అది ఎవరిదన్న తగువు ఎప్పటికీ తెగదు. అక్కడ తేలికైన దారి ఉమ్మడి మీటరు. లిఫ్టు, నీళ్ల మోటర్లు, మెట్ల దీపాలు, సెల్లార్ దీపాలు అన్నీ దాని మీదే. సొసైటీ పేరుతో ఉమ్మడి అవసరాలకు పెట్టుకుంటే కిలోవాట్‌కు 18 వేల సబ్సిడీ ఉంది. పైగా మోటర్ పగలే వేసుకోవచ్చు. నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లో తేడా కనిపిస్తే పై అంతస్తువాళ్లూ కింది అంతస్తువాళ్లూ ఒక మాట మీదికి వస్తారు.

డాబాల కంటే పెద్ద పైకప్పులు సికింద్రాబాద్‌లో రైల్వేవి. రైల్ నిలయం ఇక్కడే, దక్షిణ మధ్య రైల్వే నడిచేది ఇక్కడి నుంచే. ఆ రైల్వే నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంలోని స్టేషన్లన్నిటినీ సౌర విద్యుత్తుతో నడిపి దాన్ని తన తొలి సోలార్ సెక్షన్‌గా ప్రకటించుకుంది. ఇప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌ను దాదాపు 700 కోట్లతో తిరగకడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో ప్రధాని శంకుస్థాపన చేసిన పని. ఆ ప్రణాళికలో 5,000 కిలోవాట్ల సౌర ప్లాంటు ఉంది. మన లెక్కన రోజుకు 20 వేల యూనిట్లు. కిలోవాట్‌కు వంద చదరపు అడుగులంటే అయిదు లక్షల చదరపు అడుగులు, పదకొండు ఎకరాల పైమాట. నగరం నడిబొడ్డున అంత చోటు ప్లాట్‌ఫారాల పైకప్పుల రూపంలో మాత్రమే దొరుకుతుంది. స్టేషన్‌కు ఇంకో అనుకూలం, పగలంతా అక్కడ వాడకం ఉంటుంది. వచ్చిన కరెంటు వచ్చినట్టే ఖర్చవుతుంది, అప్పివ్వడాలు, వసూళ్లు లేవు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో మరో పద్ధతి నడుస్తోంది. కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, అమ్ముడుపోని కూరగాయలు రోజుకు సుమారు పది టన్నులు. వాటిని పులియబెట్టి గ్యాసు తీసి దాంతో 500 యూనిట్ల దాకా కరెంటు చేస్తున్నారు. ఐఐసీటీ అనే పరిశోధన సంస్థ సాంకేతికత అది. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాక దేశమంతా తెలిసింది. అదే 500 యూనిట్లు సోలార్‌తో కావాలంటే 125 కిలోవాట్ల ప్యానెళ్లు చాలు, చెత్త మోసే పనీ ఉండదు. ఖర్చు, శ్రమ చూస్తే సోలార్‌దే పైచేయి. కానీ గ్యాసును బెలూన్‌లో నింపి రాత్రి ఎనిమిదింటికి మండించుకోవచ్చు. వెలుతురును అలా దాచలేం.

గ్రిడ్ నడిపేవాళ్లకు రోజూ తప్పని తిప్పలు ఇవే. 2018 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. యాసంగిలో లక్షల మోటర్లు పగటిపూట నీళ్లు తోడుతాయి. అప్పుడు సౌర విద్యుత్తు ఎంత వచ్చినా చెల్లుతుంది. 2025 మార్చిలో రాష్ట్ర గిరాకీ 17 వేల మెగావాట్లు దాటిన రోజుల్లో మధ్యాహ్నపు ఎండ పెద్ద ఆసరా. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి ఆ ఆసరా పూర్తిగా పోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, టీవీలు, వంటింటి మిక్సీలు, ఆ తర్వాత ఏసీలు మొదలవుతాయి. బొగ్గు ప్లాంటును స్విచ్ నొక్కి పెంచలేం, పొద్దుటి నుంచే సగం మంట మీద కాచుకుని ఉంచాలి. మధ్యాహ్నం సోలార్ ఎక్కువై, సాయంత్రం తక్కువై, మధ్యలో ఈ బొగ్గు ప్లాంట్ల మెడలు వంచడం లోడ్ డిస్పాచ్ సెంటర్ వాళ్ల నిత్య కసరత్తు.

దీనికి జవాబు మన కృష్ణా నది మీద చాలాకాలంగా ఉంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఏడు యంత్రాలు, ఒక్కొక్కటి 100.8 మెగావాట్లవి, రెండు వైపులా తిరుగుతాయి. నీళ్లు కిందికి వదిలితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే కింది నీళ్లను మళ్లీ పైకి తోడుతాయి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, అవీ అంతే. కట్టిన రోజుల్లో అర్ధరాత్రి మిగిలే బొగ్గు కరెంటుతో నీళ్లు తోడదామన్నది ఆలోచన. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం మిగిలే సోలార్‌తో తోడి సాయంత్రం వదలవచ్చు. నాలుగు యూనిట్లు పెడితే మూడు తిరిగి వస్తాయి, ఒకటి దారిలో పోతుంది. ఆ నష్టం భరించదగినదే. నీళ్ల పంపకాల మీద రెండు రాష్ట్రాల పేచీలు తీరడం మాత్రం యంత్రాల చేతిలో లేదు. నదితో పని లేకుండా కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి అవే నీళ్లను పైకీ కిందికీ తిప్పే 1,680 మెగావాట్ల ప్రాజెక్టును నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో చేపట్టింది. దాని పక్కనే ఓర్వకల్లు వైపు 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు ఉంది. ఎండ, కొండ పక్కపక్కనే దొరికిన చోటు అది.

ఇళ్లలోని మన వంతు దీనికంటే చాలా సులువు, దాచే బదులు వాడే వేళ మార్చుకోవడం. సంపుకు, ట్యాంకుకు మోటర్ తెల్లవారుజామున కాకుండా పదకొండింటికి వేసుకోవచ్చు. వాషింగ్ మెషీన్ రాత్రి భోజనాలయ్యాక తిప్పడం అలవాటైపోయింది గానీ మధ్యాహ్నం తిప్పితే బట్టలు కూడా ఆ ఎండకే ఆరుతాయి. కరెంటు బండికి చార్జింగ్ ఆఫీసు పార్కింగ్‌లో పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది. ఇప్పుడు ఇలా చేసినందుకు బిల్లులో ఒక్క రూపాయి తగ్గదు. మామూలు ఇంటి మీటరుకు పగలూ రాత్రీ ఒకటే. 2023 జూన్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనలు మాత్రం ఎండ ఉండే ఎనిమిది గంటలకు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ధర పెట్టమన్నాయి. పది కిలోవాట్లు దాటిన వ్యాపార, పరిశ్రమల కనెక్షన్లకు 2024 ఏప్రిల్ నుంచి, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ నుంచి అన్నది అందులోని గడువు. దాన్ని అమలు చేయాల్సింది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, దానికి ముందు వేళలవారీగా లెక్క రాసే స్మార్ట్ మీటర్లు ఇంటింటికీ రావాలి. అవి వచ్చాక నెట్ మీటరింగ్ లెక్క కూడా మారుతుంది. మధ్యాహ్నం మనం వీధిలోకి వదిలిన యూనిట్‌కు, రాత్రి పదింటికి తీసుకున్న యూనిట్‌కు ఒకే విలువ కట్టే రోజులు ఎక్కువ కాలం ఉండవు. అప్పటికి బ్యాటరీల ధర ఇంకా దిగితే, ఇవాళ నేను దండగన్న హైబ్రిడ్ ఇన్వర్టరే గిట్టుబాటు కావచ్చు. కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఇన్వర్టర్ కొనేటప్పుడు రేపు బ్యాటరీ తగిలించే వీలుందా అని ఒక్క మాట అడిగి, ఆ జవాబును కొటేషన్ కాగితం మీదే రాయించుకోవాలి.